పోర్షే 2026 మోడల్స్: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొనుగోలుదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసేవాళ్ళు, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల వాళ్ళు, విదేశాల్లో ఉద్యోగం చేసి విజయనగరం తిరిగొచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్ళు పోర్షే గురించి అడుగుతూ ఉంటారు. బెంగళూరులోనో ముంబైలోనో కొనేవాళ్ళ సందేహాలు వేరు, మనవి వేరు. మన దారులు, మన తుపానులు, మనకు దూరంగా ఉండే సర్వీస్ సెంటర్, వీటిని లెక్కలోకి తీసుకుని జవాబులు రాశాను. కంపెనీ బ్రోచర్‌లో దొరికే సంగతులు క్లుప్తంగా, దొరకనివి వివరంగా ఉంటాయి.

2026 మోడల్ ఇయర్‌లో పోర్షే దగ్గర ఏయే బండ్లు ఉన్నాయి?

స్పోర్ట్స్ కారు అంటే 911. నాలుగు తలుపుల్లో పెట్రోల్‌తో, హైబ్రిడ్‌తో నడిచే పనమేరా, పూర్తిగా కరెంటు మీద నడిచే టైకాన్ ఉన్నాయి. ఎస్‌యూవీల్లో కయాన్, మకాన్. కొత్త మకాన్ ఎలక్ట్రిక్ మాత్రమే. పాత పెట్రోల్ మకాన్ తయారీని 2026లో ఆపేస్తామని కంపెనీ ముందే చెప్పింది. కయాన్‌లో కూడా 2025 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వెర్షన్ చూపించారు, అయితే పెట్రోల్, హైబ్రిడ్ కయాన్లు దాని పక్కనే కొనసాగుతాయి.

911, టైకాన్ జర్మనీలోని స్టుట్‌గార్ట్ దగ్గర జుఫెన్‌హౌసెన్‌లో తయారవుతాయి. మకాన్, పనమేరా లైప్‌జిగ్‌లో, కయాన్ స్లొవేకియాలోని బ్రాటిస్లావాలో. మన దేశంలో ఏదీ బిగించరు, అన్నీ పూర్తి బండిగా ఓడలో వస్తాయి. ధర అంత ఉండడానికి సగం కారణం అదే.

718 బాక్స్‌స్టర్, కేమన్ ఇప్పుడు కొత్తవి బుక్ చేయవచ్చా?

లేదు. పెట్రోల్ 718 తయారీ 2025 అక్టోబర్‌తో ముగిసింది. ఎక్కడైనా స్టాక్‌లో మిగిలింది దొరికితే అదృష్టం, లేకపోతే సెకండ్ హ్యాండే. 718 బరువు తక్కువ, ఇంజిన్ మధ్యలో ఉంటుంది, మలుపుల్లో చాలా చక్కగా తిరుగుతుంది. మన ఘాట్ రోడ్లకు అంతకంటే సరదా బండి పోర్షేలో లేదన్నది నా అభిప్రాయం. మంచి కండిషన్‌లో కనిపిస్తే వదులుకోవద్దు.

911లోనే ఇన్ని పేర్లు ఉన్నాయి, తేడా ఏమిటి?

1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదటిసారి కనిపించిన రోజు నుంచి ఇప్పటిదాకా 911 ఇంజిన్ వెనకే ఉంది. ఆరు సిలిండర్లు, మూడు ఇటు మూడు అటు పడుకోబెట్టినట్టు ఉంటాయి. ఇప్పుడు అమ్ముతున్నది 992 తరంలో రెండో దశ, 2024 మే నెలలో వచ్చింది.

కరేరా అన్నిటికంటే కింది మెట్టు. 3 లీటర్ల ట్విన్ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోలు రెండు), 394 పీఎస్ (ఇంజిన్ శక్తి కొలత, దాదాపు హార్స్‌పవర్ అంత). ఆగి ఉన్న దగ్గర్నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 4.1 సెకన్లు. కింది మెట్టు అన్నానని చిన్నచూపు చూడకండి, మన రోడ్ల మీద ఆ శక్తిలో సగం వాడడానికి కూడా చోటు చిక్కదు.

కరేరా టీ కూడా 394 పీఎస్ బండే. కానీ ఇందులో ఆరు గేర్ల మాన్యువల్ మాత్రమే వస్తుంది, గేర్ రాడ్ పైన చెక్క గుండు ఉంటుంది. బండిని తన చేత్తో నడిపిన తృప్తి కావాలనుకునేవాళ్ళకు ఇది. కరేరా ఎస్ అదే 3 లీటర్ల ఇంజిన్‌తో 480 పీఎస్ ఇస్తుంది. 4ఎస్ అంటే నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుంది. టార్గా అంటే పైకప్పు ముందు భాగం మడుచుకుని వెనక్కి పోతుంది.

జీటీఎస్ దగ్గర కథ మారుతుంది. ఇంజిన్ 3.6 లీటర్లు, దానికి టీ-హైబ్రిడ్ అనే కొత్త ఏర్పాటు జోడించి మొత్తం 541 పీఎస్ చేశారు. జీటీ3లో టర్బో ఉండదు, హైబ్రిడ్ ఉండదు. 4 లీటర్ల ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా అరుస్తూ వెళ్తుంది, శక్తి 510 పీఎస్. రేస్ ట్రాక్ కోసం పుట్టిన బండి అది. అన్నిటికీ పైన టర్బో ఎస్, 2025 సెప్టెంబర్‌లో మ్యూనిక్‌లో విడుదలైంది. 711 పీఎస్, 800 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), 100కు 2.5 సెకన్లు.

హైబ్రిడ్ అంటే రాత్రి ఛార్జింగ్ పెట్టాలా?

అక్కర్లేదు. 911 జీటీఎస్, టర్బో ఎస్‌లలో ఉన్నది ప్లగ్ పెట్టే హైబ్రిడ్ కాదు. బ్యాటరీ 1.9 కిలోవాట్ అవర్, సైజులో మామూలు కారు బ్యాటరీ అంత ఉంటుంది. దాని పని మైలేజీ పెంచడం కాదు. మామూలు టర్బో ఇంజిన్‌లో యాక్సిలరేటర్ తొక్కగానే పొగ ఒత్తిడి పెరిగి టర్బో తిరగడానికి ఒక క్షణం పడుతుంది. జీటీఎస్‌లో ఆ టర్బో లోపలే చిన్న మోటారు పెట్టారు. తొక్కిన మరుక్షణం ఆ మోటారే టర్బోని తిప్పేస్తుంది. పొగ ఒత్తిడి ఎక్కువైనప్పుడు అదే మోటారు కరెంటు తయారు చేసి బ్యాటరీకి పంపుతుంది. గేర్‌బాక్స్‌లో ఇంకో మోటారు ఉండి చక్రాలకు నేరుగా సాయం చేస్తుంది. ఇందువల్లే జీటీఎస్‌కు ఒక్క టర్బోతో సరిపోయింది. టర్బో ఎస్‌లో ఇలాంటివి రెండు ఉన్నాయి.

ఇదంతా గొప్ప ఇంజనీరింగ్, అందులో సందేహం లేదు. కానీ అధిక వోల్టేజీ భాగం పాడైతే మన ఊరి ఎలక్ట్రీషియనో మెకానిక్కో ముట్టుకోలేడు, ముట్టుకోకూడదు. బండిని కేరియర్ మీద ఎక్కించి పంపాల్సిందే. మన జిల్లాల్లో ఉండేవాళ్ళకు మామూలు కరేరా గానీ, కరేరా టీ గానీ మేలని నేను చెప్పడానికి ఇదే పెద్ద కారణం.

"2026 మోడల్" అని అమ్ముతున్నారు, ఆర్‌సీలో 2025 అని వచ్చింది. మోసపోయామా?

కాకపోవచ్చు. యూరప్ కంపెనీలు మోడల్ ఇయర్‌ని క్యాలెండర్ సంవత్సరం కంటే ముందే మొదలుపెడతాయి. 2025 చివర్లో తయారైన బండి 2026 మోడల్ ఇయర్‌ది అయ్యే వీలుంది. మన ఆర్‌సీలో మాత్రం తయారైన నెల, సంవత్సరం రాస్తారు. రేపు అమ్మేటప్పుడు కొనేవాడు చూసేది ఆర్‌సీనే కాబట్టి రెండూ తెలుసుకోవాలి.

ఛాసిస్ నంబర్‌లో మొత్తం 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. పదో స్థానంలో ఉన్నది మోడల్ ఇయర్. ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025, టీ అంటే 2026. 911 నంబర్ డబ్ల్యూ-పీ-సున్నాతో మొదలవుతుంది, కయాన్, మకాన్ డబ్ల్యూ-పీ-ఒకటితో. బుకింగ్ డబ్బు కట్టే ముందు ఈ నంబర్‌ను కాగితం మీద ఇమ్మని అడగండి. స్టాక్‌లో బండి ఉందని చెప్పి నంబర్ ఇవ్వడానికి వెనకాడితే అక్కడ ఆగిపోండి.

ఎక్స్-షోరూమ్ ధర మీద ఇంకా ఎంత పడుతుంది?

కొంచెం కుదురుగా చదవాల్సిన జవాబు ఇది. 911 కరేరాను 2024లో మన దేశంలో ప్రకటించినప్పుడు ఎక్స్-షోరూమ్ 1.99 కోట్లు, కరేరా 4 జీటీఎస్ 2.75 కోట్లు అన్నారు. అప్పటి నుంచి పన్నులు, యూరో రేటు రెండూ కదిలాయి. కొటేషన్ ఏ తేదీ నాటిదో ముందు చూసుకోండి.

ఆ ధరలోనే రెండు పెద్ద పన్నులు కలిసి ఉన్నాయి. ఒకటి దిగుమతి సుంకం. 40,000 డాలర్లు దాటిన కార్లకు 2025 బడ్జెట్‌లో బేసిక్ సుంకం 70 శాతానికి తగ్గించారని పేపర్లో చూసి చాలామంది సంతోషపడ్డారు. దాని మీద 40 శాతం సెస్ వేశారు, మొత్తం కలిపితే 110 శాతం దగ్గరే ఆగింది. రెండోది జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లకు సెస్ తీసేసి 40 శాతం చేశారు. ఎలక్ట్రిక్ కార్లకు జీఎస్టీ 5 శాతమే, అయితే దిగుమతి సుంకం వాటికీ పడుతుంది.

ఎక్స్-షోరూమ్ పైన మీరు కట్టేవి లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ ఫీజులు, ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళు ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను). ఇందులో టీసీఎస్ పోయిన డబ్బు కాదు. 2 కోట్ల బండికి 2 లక్షలు వసూలు చేస్తారు, అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. రిటర్న్‌లో చూపించడం మర్చిపోతే మాత్రం పోయినట్టే. లైఫ్ ట్యాక్స్ బండి ధరలో శాతంగా ఉంటుంది. ఇంత ధర ఉన్న బండికి అది ఒక మంచి కొత్త కారు కొనేంత మొత్తం అవుతుంది. మీ జిల్లా రవాణా కార్యాలయంలో లెక్క వేయించుకున్నాకే బడ్జెట్ ఖాయం చేయండి.

ఇంకో మాట. దిగుమతి సుంకం మీరు బుక్ చేసిన రోజు రేటు ప్రకారం పడదు. బండి ఓడరేవుకు చేరి బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) వేసే నాటికి ఏ రేటు ఉంటే అదే. బుకింగ్‌కీ డెలివరీకీ మధ్య నెలలు గడుస్తాయి. ఈలోపు సుంకం మారితే, యూరో పెరిగితే ఆ భారం ఎవరిది, తగ్గితే ఆ లాభం ఎవరికి అన్నది ఒప్పందంలో రాయించుకోండి.

బంధువుల పేరు మీద వేరే రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చేయిస్తే పన్ను తగ్గుతుందంటున్నారు, చేయొచ్చా?

చేయకండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం మీరు నివసించే చోట గానీ, బండిని మామూలుగా ఉంచే చోట గానీ రిజిస్టర్ చేయించాలి. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబర్ తీసుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో 911 వెళ్తుంటే చూడని కళ్ళుండవు. దొంగ చిరునామాతో తిప్పితే రోజూ టెన్షనే. పైగా ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ కంపెనీ మొట్టమొదట అడిగేది ఆ చిరునామా గురించే. రెండు కోట్ల బండి కొనగలిగినవాళ్ళు మన రోడ్లు వేసే పన్ను దగ్గర వెనకాడకూడదు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఏపీ 30, ఏపీ 35 నంబర్ తీసుకోవచ్చా?

శ్రీకాకుళం వాళ్ళకు ఏపీ 30 మీద, విజయనగరం వాళ్ళకు ఏపీ 35 మీద ఉన్న ప్రేమ అర్థమవుతుంది. కానీ 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్. ఏపీ 39తో మొదలుపెట్టారు, జిల్లా కోడ్‌లు కొత్త బండ్లకు ఇవ్వరు. ఫ్యాన్సీ నంబర్ కావాలంటే ఆన్‌లైన్ వేలంలో పాల్గొనాలి. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు అయిపోకముందే ఆ పని చూసుకోండి.

కొంత నగదు ఇస్తామంటే డీలర్ తీసుకుంటారా? కంపెనీ పేరు మీద కొంటే జీఎస్టీ వెనక్కి వస్తుందా?

నగదు మాట మర్చిపోండి. ఒకే కొనుగోలుకు 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం నిషేధిస్తుంది. తీసుకున్నవాళ్ళకు అంతే మొత్తం జరిమానా పడుతుంది. పంట డబ్బైనా, వ్యాపారం డబ్బైనా బ్యాంకు ద్వారానే వెళ్ళాలి.

రెండో దానికి జవాబు, రాదు. 13 మంది వరకు కూర్చునే ప్యాసింజర్ వాహనాల మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ ఇవ్వరు. కార్లు అమ్మే వ్యాపారం, ట్యాక్సీ, డ్రైవింగ్ స్కూల్ లాంటివి తప్ప. మిల్లు పేరు మీదో ఫ్యాక్టరీ పేరు మీదో కొంటే ఆదాయపన్నులో తరుగుదల మాత్రం చూపించవచ్చు. పెట్రోల్ కారుకు ఏటా 15 శాతం, ఎలక్ట్రిక్‌కు 40 శాతం. సొంతానికి వాడినంత మేర అధికారులు కోత పెడతారు. మీ ఆడిటర్‌ను బుకింగ్ అయ్యాక కాదు, బుకింగ్‌కు ముందే అడగండి.

మా అబ్బాయి అమెరికాలో వాడుతున్న పోర్షే ఇక్కడికి తెచ్చుకోవచ్చా?

కుదరదు. దిగుమతి చేసే కారుకు స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికా, గల్ఫ్ బండ్లకు ఎడమవైపు ఉంటుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా బండ్లకు ఆ అడ్డు లేదు గానీ పాత బండి మూడేళ్ళకు మించకూడదు, సుంకం కూడా తక్కువేమీ ఉండదు. అన్నీ లెక్కేస్తే ఇక్కడ కొనుక్కోవడమే సులువు.

మన రోడ్ల మీద 911 అడుగు తగులుతుందా?

తగిలే చోట్లు ఉన్నాయి, తగలకుండా నడిపే మార్గాలూ ఉన్నాయి. 16వ నంబర్ జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా ఏ ఇబ్బందీ లేదు. మడపాం, నాతవలస టోల్ గేట్ల దగ్గర గతుకులు చూసుకుంటే చాలు. చిక్కు హైవే దిగిన తర్వాతే వస్తుంది. ఊళ్ళ మధ్య ఎవరికి తోచినంత ఎత్తులో వాళ్ళు కట్టిన స్పీడ్ బ్రేకర్లు, వానాకాలం తర్వాత పాలకొండ రోడ్డులో పడే గోతులు, కల్వర్టు దగ్గర దిగిపోయిన తారు, వీటితో జాగ్రత్త.

అందుకే ఆప్షన్లలో మొదట టిక్ పెట్టాల్సింది ఫ్రంట్ లిఫ్ట్. బటన్ నొక్కితే ముక్కు 40 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, గంటకు 35 కిలోమీటర్ల వేగం దాకా అలాగే ఉంటుంది. ఒకసారి లేపిన చోటును జీపీఎస్‌లో గుర్తుంచుకుని మళ్ళీ అక్కడికి రాగానే తనే లేస్తుంది. మీ వీధి మొదట్లో ఉన్న స్పీడ్ బ్రేకర్‌ను, ఇంటి ర్యాంపును అలా నేర్పించేయవచ్చు. రీసేల్‌లో కూడా ఈ ఆప్షన్ ఉన్న బండికే గిరాకీ.

రెండోది చక్రాలు. కరేరాకు ముందు 19 అంగుళాలు, వెనక 20 అంగుళాలు స్టాండర్డ్‌గా వస్తాయి. అందం కోసం పెద్దవి ఎక్కించకండి. చక్రం పెద్దదైతే టైరు గోడ సన్నబడుతుంది, ఒక్క గోతిలో పడితే రిమ్ వంగుతుంది. 911లో స్టెప్నీ ఉండదు, పంక్చర్ ద్రవం, గాలి కొట్టే చిన్న పంపు మాత్రమే ఇస్తారు. టైరు పక్క గోడ చిరిగితే ఆ ద్రవం పనిచేయదు. ఆ సైజు టైరు నరసన్నపేటలోనో బొబ్బిలిలోనో దొరకదు. ఒక జత టైర్లు ముందే తెప్పించి ఇంట్లో చీకటి గదిలో పెట్టుకుంటే మనశ్శాంతి.

ఇంకో ప్రమాదం గురించి ఎవరూ చెప్పరు. కోతల కాలంలో మన పల్లెల్లో ఉలవలు, చోళ్ళు నూర్పు కోసం రోడ్డు మీదే పరుస్తారు. ఎత్తు తక్కువ బండి కింద ఆ ఎండు కంప చుట్టుకుని, వేడెక్కిన సైలెన్సర్ భాగాలకు తగిలితే నిప్పు అంటుకుంటుంది. అలాంటి చోట దాని మీదుగా పోనివ్వొద్దు. ఆగండి, రైతుతో మర్యాదగా మాట్లాడి కొంచెం పక్కకు తీయించండి, లేదంటే వేరే దారి చూసుకోండి.

పెట్రోల్ ఏది కొట్టించాలి?

ఈ ఇంజిన్లకు హై ఆక్టేన్ కావాలి. మన దేశంలో ఎక్స్‌పీ 95, స్పీడ్ 97, పవర్ 99, ఎక్స్‌పీ 100 పేర్లతో అమ్ముతారు, కానీ అన్ని బంకుల్లో ఉండవు. మీరు రోజూ తిరిగే దారిలో ఏ బంకులో ఏది నిలకడగా ఉంటుందో డెలివరీకి ముందే విచారించుకోండి. ఇప్పుడు మామూలు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. మీ బండికి ఎంత శాతం వరకు అనుమతి ఉందో పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు దాన్ని చూడాలి. నెలల తరబడి కదలకుండా నిలబెట్టేవాళ్ళు ట్యాంకులో పాత పెట్రోల్ ఉంచొద్దు, ఇథనాల్ తేమను లాగుతుంది.

ఎలక్ట్రిక్ మకాన్, టైకాన్ మన దగ్గర నడుస్తాయా?

మకాన్ విషయంలో నిశ్చింతగా అవుననే చెబుతాను. 100 కిలోవాట్ అవర్ బ్యాటరీ, వెనక చక్రాల మోడల్‌కు యూరప్ పరీక్షలో 641 కిలోమీటర్ల దాకా వచ్చింది. ఏసీ వేసుకుని హైవే మీద వెళ్తే అంత రాదు. అయినా శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్ళి రావడం రమారమి 220 కిలోమీటర్లే, మధ్యలో ఛార్జింగ్ అవసరమే రాదు.

ముందుగా చూసుకోవాల్సింది ఇంటి కరెంటు. ఇంట్లో పెట్టే ఛార్జర్ 11 కిలోవాట్‌ది, త్రీ ఫేజ్ కావాలి. ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో లోడ్ పెంచమని దరఖాస్తు చేసి, మంచి ఎర్తింగ్ వేయించి, ఆ తర్వాతే బండి తెచ్చుకోండి. ఖాళీ బ్యాటరీ నిండడానికి దాదాపు రాత్రంతా పడుతుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే పూర్తిగా నింపి పెట్టుకోవాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తర్వాత ఉద్దానంలో కరెంటు లేక ఎన్ని రోజులు గడిపారో ఆ ఊళ్ళవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అలాంటి చోట ఉండేవాళ్ళకు ఇంట్లో పెట్రోల్ బండి కూడా ఒకటి ఉండాలి.

టైకాన్ అద్భుతమైన బండి. తగిన ఛార్జర్ ఉంటే 320 కిలోవాట్ల వేగంతో 10 నుంచి 80 శాతానికి 18 నిమిషాల్లో ఎక్కుతుంది. ఆ స్థాయి ఛార్జర్ దారిలో ఉంటేనే ఆ సౌఖ్యం. పైగా టైకాన్ ఎత్తు తక్కువ, బరువు ఎక్కువ. మన వైపు మకానే నయం.

అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని అరసవల్లి, రామతీర్థం వెళ్ళాలంటే ఏది?

కయాన్. 911లో వెనక సీట్లు పిల్లలకే సరిపోతాయి. కొత్త కూపేలో అవి అడిగితేనే వేస్తారు, అదనపు డబ్బు తీసుకోరు, బుకింగ్‌లో రాయించడం మాత్రం మర్చిపోవద్దు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను అంత కిందికి దింపి పైకి లేపడం వాళ్ళకీ కష్టం, మనకీ బాధ. 353 పీఎస్ పెట్రోల్ కయాన్ కుటుంబానికి చాలు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు లారీల మధ్య నుంచి సురక్షితంగా దాటడానికి ఆ శక్తి పుష్కలం.

300 కిలోమీటర్ల వేగం ఎక్కడ చూడాలి?

రోడ్డు మీద ఎక్కడా చూడకూడదు. నాలుగు లైన్ల హైవే మీద కార్లకు కేంద్రం ఇచ్చిన గరిష్ఠ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. మన హైవే మీద పశువులు అడ్డం వస్తాయి, ఎదురు దారిలో బైకులు వస్తాయి, చీకట్లో లైట్లు లేని ట్రాక్టర్లు ఉంటాయి. పోర్షేలో ఉన్నవాళ్ళు బతికినా అవతలివాళ్ళు బతకరు. వేగం చూడాలనుంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, శ్రీకాకుళం నుంచి సుమారు 900 కిలోమీటర్లు. కోయంబత్తూరులో, గ్రేటర్ నోయిడాలో కూడా ఉన్నాయి. ట్రాక్ మీద జరిగిన నష్టానికి మామూలు ఇన్సూరెన్స్ వర్తించదు, వెళ్ళే ముందు అది తెలుసుకుని వెళ్ళండి.

సముద్రపు గాలి, తుపాను, వరద, వీటికి బండిని ఎలా కాపాడుకోవాలి?

భావనపాడు, కళింగపట్నం, భీమిలి వైపు ఉండేవాళ్ళకు ఉప్పుగాలి పెద్ద శత్రువు. వారం కదలకపోతే ఇనప బ్రేక్ డిస్కుల మీద తుప్పు పొర కడుతుంది. మెల్లగా నడిపి నాలుగైదు సార్లు బ్రేక్ వేస్తే పోతుంది, కంగారు పడక్కర్లేదు. పసుపు రంగు క్యాలిపర్లతో వచ్చే సెరామిక్ బ్రేకులకు ఈ బాధ ఉండదు గానీ వాటి ధర, పగిలితే మార్చే ఖర్చు చూస్తే మన వాడకానికి అక్కర్లేదు. బీచ్‌కు వెళ్ళొచ్చిన రోజే కింది భాగం మంచినీళ్ళతో కడిగించండి.

ఇన్సూరెన్స్‌లో మాత్రం పిసినారితనం వద్దు. జీరో డిప్రిసియేషన్ (భాగాలు మార్చినప్పుడు తరుగు కోత లేకుండా ఇచ్చేది), రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చేది), టైర్ కవర్, అన్నిటికంటే ముఖ్యంగా ఇంజిన్ ప్రొటెక్షన్ తీసుకోండి. తుపానులో చెట్టు పడితే మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ ఇస్తుంది. కానీ ఇంజిన్‌లోకి నీళ్ళు పోయి లోపలి భాగాలు విరిగితే, ఆ ప్రత్యేక కవర్ లేకుండా సాధారణంగా చెల్లించరు. నాగావళి, వంశధార పొంగిన రోజుల్లో నీళ్ళలో నిలిచిన బండిని ఎట్టి పరిస్థితిలోనూ స్టార్ట్ చేయకండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండి నీళ్ళలో మునిగితే దగ్గరికే వెళ్ళకుండా కంపెనీ సహాయ నంబర్‌కు ఫోన్ చేయండి.

షెడ్డులో పెట్టినప్పుడు ఎలుకల సంగతి చూడండి. ఒక్క వైరింగ్ సెట్ కొరికితే బిల్లు లక్షల్లో వస్తుంది. గోడలకు కన్నాలు లేకుండా పూడ్పించి, ధాన్యం బస్తాలు అదే షెడ్డులో లేకుండా చేస్తే చాలావరకు సమస్య పోతుంది. వారాల తరబడి నడపకపోతే బ్యాటరీ మెయింటెయినర్ తగిలించి ఉంచాలి. షెడ్డు కట్టించేవాళ్ళు కొలతలు రాసుకోండి: 911 కరేరా పొడవు 4.54 మీటర్లు, వెడల్పు 1.85 మీటర్లు, అద్దాలు కలిపితే 2 మీటర్లు దాటుతుంది.

మన జిల్లాల్లో సర్వీస్ సెంటర్ ఉందా?

లేదు. బండి పెద్ద నగరానికి వెళ్ళాల్సిందే. ఇంత డబ్బు పెట్టేటప్పుడు డీలర్‌ను మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. దారిలో ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ కేరియర్ మా ఊరి దాకా ఉచితంగా వస్తుందా, ఎన్ని కిలోమీటర్ల దాకా? ఏటా చేసే సర్వీసుకు బండిని తీసుకెళ్ళి తెచ్చే ఏర్పాటు ఉందా, దాని ఖర్చు ఎంత? వారంటీ పనికి పంపినప్పుడు రవాణా ఖర్చు ఎవరిది? నోటిమాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. సేల్స్‌మన్ మారిపోతాడు, కాగితం మారదు. తాడు కట్టి లాగే రికవరీ బండి వస్తే వెనక్కి పంపండి, పోర్షేను చక్రాలన్నీ పైకెక్కించే తీసుకెళ్ళాలి.

సెకండ్ హ్యాండ్ 911 కొంటే ఏం చూడాలి?

సర్వీస్ రికార్డు మొత్తం కంపెనీ సెంటర్‌దేనా అన్నది మొదటిది. ఇంజిన్‌ను హద్దు దాటి ఎన్నిసార్లు తిప్పారో కంప్యూటర్‌లో నమోదై ఉంటుంది, ఆ ఓవర్‌రెవ్ రిపోర్ట్ తీయించండి. మాన్యువల్ బండి అయితే ఇది తప్పనిసరి. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే పత్రం), అప్పు తీరినట్టు బ్యాంకు లేఖ, చలాన్లు కట్టిన రసీదులు చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. బండి వయసును బట్టి తగ్గుతుంది గానీ మాఫీ కాదు. "చౌకగా వచ్చింది" అనుకున్న చాలా బండ్లు ఈ పన్ను కలిపాక చౌక కావు.

మా డ్రైవర్ నడపగలడా?

పీడీకే ఆటోమేటిక్ అయితే నడపగలడు. ఈ తరంలో పాత తిప్పుడు స్విచ్ తీసేసి స్టార్ట్ బటన్ పెట్టారు, మీటర్లన్నీ స్క్రీన్ మీదే. ఒక పూట పక్కన కూర్చుని లిఫ్ట్ బటన్, వెట్ మోడ్ (తడి రోడ్డు మీద జారకుండా చూసే సెట్టింగ్), పార్కింగ్ కెమెరా చూపిస్తే సరిపోతుంది. వానలో వెట్ మోడ్ పెట్టడం మాత్రం అలవాటు చేయించండి.

వాహన పూజ ఎలా చేయించాలి?

పైడితల్లి అమ్మవారి గుడి దగ్గరైనా, అరసవల్లిలోనైనా నిండు మనసుతో చేయించండి. పూజారికి ముందే రెండు మాటలు చెప్పండి. పసుపు, కుంకుమ బొట్లు నేరుగా పెయింట్ మీద కాకుండా నంబర్ ప్లేటు మీద గానీ, అద్దం మీద గానీ పెట్టమనండి. ఎండలో ఆరితే ఆ మరక పెయింట్‌లోకి దిగుతుంది. కొబ్బరికాయ బండి ముందు నేల మీద కొట్టించండి, పెంకు ముక్కలు ఏరి తీశాకే కదపండి, లేకపోతే టైరులో దిగుతాయి. నిమ్మకాయలు తొక్కించడానికి ఏ అడ్డూ లేదు. దండ కట్టేటప్పుడు ఇనప తీగ వాడనివ్వద్దు, నూలు దారం చాలు. ముందున్న రాడార్ సెన్సార్, కెమెరాల మీద దండ పడితే స్క్రీన్ మీద వార్నింగ్ వస్తుంది, దండ తీయగానే అది పోతుంది.